ఏరేసిన రాళ్ళు

మేము ఏరేసిన రాళ్ళను ఫోటో తీసి, మా గ్రౌండ్ నిండా రాళ్ళేనని తేల్చి, మా దగ్గర జరగవలసిన ఫుట్‌బాల్ మ్యాచ్‌ను పెద్ద టీం వాళ్ళ స్టేడియానికి పట్టుకుపోయారు. జరిగిన అన్యాయం ఇంతే. ఇందులో నేను కలిపింది ఏమీ లేదు. ఏరేసిన రాయి బకెట్లో ఉంటుంది. బకెట్లో ఉన్న రాయి గ్రౌండ్‌లో ఉండదు. మూడేళ్ళుగా ఈ మాట కనిపించిన ప్రతివాడికీ చెబుతున్నాను. విన్నవాళ్ళందరూ తల ఊపారు. ఒప్పుకుని ఊపారో, ఈ ముసలాడు ఎప్పుడు ఆపుతాడా అని ఊపారో నాకు తెలియదు.

ఈ ఉదయం మా వీధిలో ఒక లారీ కంకర దించింది. నేనిప్పుడు ఢిల్లీ ఓల్డ్ రాజిందర్ నగర్‌లో, సివిల్స్ కోచింగ్ పిల్లలు అద్దెకుండే ఒక ఇంటికి కాపలాదారును. మెట్ల కింద కుర్చీ వేసుకుని పేపరు చదువుకుంటున్నాను. లారీ వెనక తలుపు తెరుచుకుంది, రాయి మీద రాయి గరగరా జారింది, పొడి దుమ్ము వచ్చి నాలుక మీద కూర్చుంది. ఆ రుచి తగలగానే ఎదురుగా ఉన్న పేపరులో అక్షరాలు కనిపించడం మానేశాయి. “అప్పారావూ, ఆ మూల వదిలేశావు, చూసుకో” అని ఎస్తేరు సిస్టర్ గొంతు వెనకనుంచి పిలిచినట్టయింది. తిరిగి చూడలేదు. ఆవిడ పోయి ఏడాది దాటింది. కానీ వంగి కాళ్ళ దగ్గర నేల మాత్రం చూశాను. ఆవిడను ఎరగని మీకు ఆవిడ సంగతి చెప్పాలంటే ఆ మ్యాచ్ సంగతి చెప్పాలి, మ్యాచ్ సంగతి చెప్పాలంటే ఆవిడ సంగతి చెప్పాలి. ఎటునుంచి మొదలుపెట్టినా నాకు ఒకేలా అయోమయంగా ఉంటుంది.

ఎస్తేరు సిస్టర్‌ది నరసాపురం వైపు. నర్సు ఉద్యోగానికి ఢిల్లీ వచ్చి, రిటైరయ్యేదాకా ఒక ప్రభుత్వాసుపత్రిలోనే పనిచేశారు. నాది టెక్కలి దగ్గర పల్లె. ఐదో తరగతి మధ్యలో బడి మానేసి చిన్నాన్న వెంట వచ్చి, ఒక సర్కారీ ఆఫీసులో లిఫ్టు నడిపేవాణ్ణి. నాకు చదువు వచ్చింది ఆ లిఫ్టులోనే. ఆఫీసర్లు చదివి పారేసిన పేపర్లు స్టూలు పక్కన పెట్టుకుని, అంతస్తుకూ అంతస్తుకూ మధ్య ఒక్కో వాక్యం చదివేవాణ్ణి. అందుకేనేమో ఇప్పటికీ ఏదైనా గట్టిగా ఆలోచిస్తుంటే, మధ్యలో ఎవరో తలుపు తీసినట్టు ఆగిపోతుంది. ఒకసారి ఆ లిఫ్టు ఇనుప జాలీ తలుపులో నా వేళ్ళు నలిగాయి. కట్టు కట్టింది సిస్టరే. కడుతున్నంతసేపూ నేను, చెడిపోయిన తలుపు బాగుచేయించలేదని, మా ఆఫీసు ఇంజనీరును తిడుతూనే ఉన్నాను.

“ముందు ఆ ఇంజనీరు ఏమంటాడో చెప్పు” అన్నారు, కత్తెర కోసం చెయ్యి చాస్తూ.

“ఏమంటాడండీ, తలుపు మూసేటప్పుడు చెయ్యి తియ్యాలంటాడు.”

“తీశావా?”

“అది కాదండీ సిస్టర్...”

“తలుపు చెడిపోయిందన్నదీ నిజమే, నువ్వు చెయ్యి తియ్యలేదన్నదీ నిజమే. ఇప్పుడు తిట్టుకో, నీ ఇష్టం. చెయ్యి మాత్రం కదపకు.”

కట్టు పూర్తయ్యాక, “నీ గొంతు బాగా దూరం వెళ్తుంది. శనివారం సాయంత్రం సరోజినీ నగర్ క్వార్టర్స్ గ్రౌండ్‌కి రా. మావాళ్ళకు పక్కనుంచి అరిచేవాడు లేడు” అన్నారు. వెళ్ళాను. ఆ వెళ్ళడం వెళ్ళడం, వేళ్ళు మానాక కూడా వెళ్తూనే ఉన్నాను. గీతలకు సున్నం పోశాను, వలలు కట్టాను, జెండా పట్టుకుని పరిగెత్తాను. ఆవిడ మొదట్లో మందుల పెట్టెతో వచ్చి పక్కన కూర్చునేవారట. టీం చూసుకునే గుమాస్తాగారికి బదిలీ అయితే, వేరే ఎవరూ దొరక్క ఆవిడే టీంని కూడా చూసుకోవడం మొదలుపెట్టారు. ఆడవాళ్ళు ఫుట్‌బాల్ టీం నడపడమేమిటని ఎవరైనా నవ్వితే, “వార్డులో నలభై మంది మగవాళ్ళకు సూదులు వేసినదాన్ని, పదకొండు మంది ఓ లెక్కా?” అనేవారు. ఆసుపత్రి వార్డుబాయ్‌లు, నర్సుల కొడుకులు, మార్కెట్లో బట్టల దుకాణాల కుర్రాళ్ళు, వీళ్ళే మా టీం.

నాకు ఒక జబ్బు అంటించింది కూడా ఆవిడే. ఏ ఫిర్యాదు తీసుకువెళ్ళినా, ముందు ఎదుటివాళ్ళ పక్షం చెప్పమనేవారు. సరిగ్గా చెప్పేదాకా నా పక్షం వినేవారు కాదు. ఒకసారి అవతలి టీం ముందువరస ఆటగాడు చీలమండ బెణికి బయటికొచ్చాడు. వాళ్ళ దగ్గర మందులు లేవు. సిస్టర్ మా పెట్టె తెరిచి కట్టు కట్టారు. వాడు లేచి కుంటుకుంటూ లోపలికి వెళ్ళి, చివరి నిమిషంలో మా మీదే గోల్ కొట్టాడు. నేను ఊరుకోలేదు. “సిస్టర్, ఆ కాలితోనే కొట్టాడండీ! మీరు కట్టిన కాలితోనే!” అని గంతులు వేశాను. “అయితే కట్టు బాగా కట్టాననేగా అర్థం. దానికీ నామీద కోపమేనా? వదులుగా కట్టమన్నావా ఏంటి?” అన్నారు. వదులుగా కట్టమని ఎవడంటాడు? అనను. కానీ నాకు కావలసినదేదో కూడా చెప్పలేకపోయాను. ఇంటికి వెళ్ళాక అన్నం దగ్గర కూడా అదే ఆలోచన. నేను చెప్పదలచుకున్నది న్యాయమే, ఆవిడ చేసిందీ న్యాయమే, గోల్ మాత్రం మా వల్లో పడింది.

ఇక రాళ్ళ సంగతి. క్వార్టర్స్ కట్టిన రోజుల్లో మిగిలిన ఇటుక ముక్కలూ కంకరా పరిచి, పైన మట్టి పోసిన చోటది. వాన పడ్డ ప్రతిసారీ నాలుగు రాళ్ళు పైకి తేలేవి. అందుకని ప్రతి మ్యాచ్‌కూ ముందు సిస్టర్ అందరినీ భుజానికి భుజం తగిలేలా ఒక వరసలో నిలబెట్టేవారు. ఆటగాళ్ళు, వాళ్ళ నాన్నలు, చూడ్డానికి వచ్చినవాళ్ళు, డ్యూటీ దిగి వచ్చిన నర్సులు, అందరూ. ఈ గోల్ దగ్గర మొదలుపెట్టి ఆ గోల్ దాకా మెల్లగా నడవాలి, కాలి ముందు రాయి కనిపిస్తే తియ్యాలి, ఇనుప బకెట్ పట్టుకుని వెనక తిరిగే నాకివ్వాలి. కొత్తగా వచ్చినవాడు సిగ్గుపడితే, “మీ అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరడం చూడలేదా? ఇదీ అంతే. చేట కాస్త పెద్దది” అనేవారు. వాళ్ళు తెలుగు రాని పంజాబీలైనా సరే, చేత్తో చెరిగినట్టు చూపించి నవ్వించేవారు. మా టీంకు ఆ నడక ఒక ప్రార్థనలాగా అయిపోయింది. ఆ నడక లేకుండా ఆడితే ఓడిపోతామని కుర్రాళ్ళు నమ్మేవారు. నడిచినా చాలాసార్లు ఓడిపోయేవాళ్ళం, అది వేరే విషయం.

మూడేళ్ళ కిందట మా టీం కప్పు పోటీల్లో వరసగా గెలుస్తూ వచ్చింది. చీటీలు తీస్తే తర్వాతి మ్యాచ్ అందరికన్నా పెద్ద టీంతో పడింది. జీతాలిచ్చి ఆడించే టీం. సొంత స్టేడియం, సొంత బస్సు. ఆ కప్పు నియమాల్లో ఒకటుంది. పై డివిజన్ టీంకూ కింది డివిజన్ టీంకూ జోడీ పడితే, మ్యాచ్ కింది టీం గ్రౌండ్‌లోనే ఆడాలి. క్వార్టర్స్ పడగొట్టి టవర్లు కడతారని అప్పటికే నోటీసులు అంటించారు. మా గ్రౌండ్‌కు అదే ఆఖరి సీజను. అన్నేళ్ళలో పేరున్న టీం ఒక్కటీ అక్కడ కాలు పెట్టలేదు. ఒక్కసారి, ఆ నేల పోయేలోగా, మా వాళ్ళు బాల్కనీల్లోంచి చూస్తుండగా, ఆ పెద్దవాళ్ళు మా దుమ్ములో ఆడాలి. గెలవడం సంగతి తర్వాత. నాకు కావలసింది అదొక్కటే.

“చూశారా సిస్టర్, రూలు మన వైపుంది” అన్నాను.

“మన వైపు ఎందుకుందంటావు?”

“చిన్నవాళ్ళం కనక.”

“జాలిపడి ఇచ్చారా?”

“జాలేంటండీ! వాళ్ళకు డాక్టరున్నాడు, పొద్దున్నే గుడ్లు ఉడకబెట్టే వంటవాడున్నాడు. మనకున్నది ఈ గ్రౌండ్ ఒక్కటే. ఏ మూల బంతి ఎటు ఎగురుతుందో మనకే తెలుసు. ఆ ఒక్కటీ మనకిస్తే తేడా కాస్త తగ్గుతుందని.”

“వాళ్ళేమంటారు?”

“ఎగుడుదిగుడు నేల మీద ఆడితే ఎవడు మంచి ఆటగాడో ఎలా తెలుస్తుందంటారు.”

“అదీ నిజమే కదా” అని, చాయ్ గ్లాసులు కడగడానికి లేచారు. ఆవిడతో మాట్లాడితే ఎప్పుడూ ఇంతే. తూకం వేసి, రెండు పళ్ళాలూ సమంగా నిలిచాక, త్రాసును నా చేతిలో పెట్టి వెళ్ళిపోయేవారు.

మ్యాచ్ దగ్గరపడ్డాక, కప్పు కమిటీ సెక్రటరీ, పెద్ద టీం కోచ్ కలిసి గ్రౌండ్ చూసుకోవడానికి వస్తామని కబురుపెట్టారు. ఇంటికి పెద్దమనుషులు వస్తుంటే వాకిలి ఊడ్చుకోమా? సిస్టర్ పొద్దున్నే అందరినీ పిలిపించి ఆ చివరనుంచి ఈ చివరకు నడిపించారు. మొన్ననే వాన పడింది కనుక బకెట్ నిండింది. నేను దాన్ని గోడ వెనక్కి మోసుకుపోతుంటే ఆపారు.

“అక్కడ కాదు, గేటు దగ్గర పెట్టు. లోపలికి రాగానే కనపడాలి.”

“వాళ్ళ ఎదురుగానా? చెత్త కదండీ!”

“పెట్టమన్నానా?”

పెట్టాను. పని అయిపోయినా ఆవిడ ఎవరినీ కూర్చోనివ్వలేదు. వరసలోనే నిలబెట్టి ఉంచారు. అతిథులకు మర్యాద అనుకున్నాను.

సెక్రటరీ కారు దగ్గరే ఫోను మాట్లాడుతూ ఉండిపోయాడు. కారు దిగి వచ్చిన కోచ్ పొడుగ్గా, మర్యాదగా ఉన్నాడు. సిస్టర్‌కు వంగి నమస్తే చేశాడు. బకెట్ దగ్గర ఆగి, “మేడమ్, యే క్యా హై?” అన్నాడు.

“పత్థర్ హై జీ. ఆజ్ సుబహ్ కే” అన్నారు సిస్టర్, పొద్దున ఏరిన రాళ్ళను పెళ్ళిలో పెట్టిన పిండివంటలా చూపించి మురిసిపోతూ.

ఆయన గొంతుక్కూర్చుని ఒక రాయి తీసి అరచేతిలో అటూ ఇటూ తిప్పి చూశాడు. ఫోను తీసి బకెట్‌ను ఫోటో తీశాడు. వరసలో నిలబడ్డ మావాళ్ళనూ తీశాడు. “బహుత్ మెహనత్ కర్తే హైఁ ఆప్ లోగ్” అని మా కష్టాన్ని మెచ్చుకున్నాడు. మేము పెట్టిన సమోసాలు తిన్నాడు, చాయ్ తాగాడు, మళ్ళీ నమస్తే పెట్టి వెళ్ళాడు. నేను ఆ రోజంతా అతన్ని పొగుడుతూ తిరిగాను. మర్నాడు కమిటీనుంచి ఫోను వచ్చింది. గ్రౌండ్ ప్రమాదకరంగా ఉంది, ఫోటోలున్నాయి, మ్యాచ్ స్టేడియంలో ఆడాలి.

కమిటీ ఆఫీసుకు వెళ్ళాను. సెక్రటరీ నా మనవడి వయసువాడు. “అంకుల్, ఫోటో చూడండి, ఇన్ని రాళ్ళు” అన్నాడు.

“బాబూ, ఈ ఫోటోలో రాళ్ళు ఎక్కడున్నాయి?”

“బకెట్లో.”

“మరి గ్రౌండ్‌లో?”

“ఇన్ని వచ్చాయంటే ఇంకా ఉంటాయి కదా అంకుల్.”

“మీ ఇంట్లో చెత్తబుట్ట నిండితే, ఇల్లు శుభ్రంగా ఉన్నట్టా, మురికిగా ఉన్నట్టా?”

అతను కాసేపు ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, వెక్కిరింపు లేదు. “డిపెండ్ కర్తా హై, అంకుల్” అన్నాడు చివరికి. మెట్లు దిగుతుంటే అనుమానం వచ్చింది. రోజూ బుట్ట నిండే ఇల్లు శుభ్రమైన ఇల్లా? ఆ అనుమానం ఎవరు పెట్టారో తెలుసు కనుక, ఆ కోపంతోనే సిస్టర్ దగ్గరికి వెళ్ళాను. “వాళ్ళ పక్షం నేను చెప్పను. ఈసారి చెప్పను గాక చెప్పను. వాళ్ళ కాళ్ళకు గుచ్చుకునే రాళ్ళు మన పిల్లల కాళ్ళకు గుచ్చుకోవా? ఇన్నేళ్ళూ ఇక్కడే ఆడారే, ఒక్కడైనా ఫోటో తీయడానికి వచ్చాడా?” అని అరిచాను. “ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు అప్పారావూ” అన్నారు. నేను గెలిచానన్నమాట. అన్నేళ్ళలో ఆవిడ మీద మొదటిసారి గెలిచాను. ఆ గెలుపు ఏం చేసుకోవాలో తెలియలేదు. కాసేపయ్యాక ఆవిడే, “ఆడకుండా ఉంటే మన పిల్లలకు ఆ ఒక్క మ్యాచూ ఉండదు. వెళ్దాం. నువ్వు అరుస్తూనే ఉండు, నేను వద్దనను” అన్నారు.

వెళ్ళాం. పచ్చగా, దిండులాంటి గడ్డి. మా కెప్టెన్ ప్రభుదాసు, అందరూ బబ్లూ అంటారు, ఒక నర్సు కొడుకు, మార్కెట్లో టీషర్టులు అమ్ముతాడు. వాడికి తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలోనే. ఆట మొదలైన కాసేపటికే గీత దగ్గరికి పరిగెత్తుకొచ్చి, కళ్ళు పెద్దవి చేసి, “అంకుల్, బాల్ సీధా ఆతా హై!” అన్నాడు. అదీ మా అసలు కష్టం. నేల మీద పడ్డ బంతి ఎటో ఒకవైపు తిరుగుతుందని మా కాళ్ళు అలవాటుపడ్డాయి. ఇక్కడ అది తిరగదు. తిన్నగా వస్తుంది. మావాళ్ళు తిరగబోయే బంతి కోసం పక్కకు జరిగి నిలబడితే, బంతి వాళ్ళు ఇంతకుముందు నిలబడ్డ చోటునుంచి దర్జాగా వెళ్ళిపోయింది. నాలుగు గోల్స్ తిన్నాం. ఒక్కటీ కొట్టలేదు. నేను గొంతు పోయేదాకా అరిచాను. అయిపోయాక ఓదారుద్దామని లోపలికి వెళ్తే, బబ్లూ ఆ గడ్డి మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. “మజా ఆయా, అంకుల్” అన్నాడు. మిగతావాళ్ళు బూట్లు విప్పి ఉత్త కాళ్ళతో నడుస్తున్నారు. మజా ఏమిటిరా, అన్యాయం జరిగితే? ఆ మాట నోటిదాకా వచ్చింది. వాళ్ళ మొహాలు చూసి మింగేశాను. సిస్టర్ మందుల పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. మూత కూడా తియ్యలేదు. “ఇవాళ ఒక్క కట్టూ కట్టలేదు” అన్నారు. సంతోషంగా అన్నారో, దిగులుగా అన్నారో, ఎంత గుర్తుచేసుకున్నా ఆ గొంతు నాకు తేలదు.

ఆ సీజను కాగానే గ్రౌండ్ చుట్టూ రేకులు పాతేశారు. మా టీం వాళ్ళు తలో చోటికి వెళ్ళిపోయారు. కమిటీ ఇప్పుడు ఆ రూలుకు ఒక తోక తగిలించింది. చిన్న టీం గ్రౌండ్‌లోనే ఆడాలి, ఆ గ్రౌండ్ బాగుందని కమిటీ అంటేనే. బాగున్న గ్రౌండే ఉంటే అది చిన్న టీం ఎందుకవుతుందని నేను ప్రతి సీజనుకూ వెళ్ళి అడుగుతాను. పై అంతస్తులో ఉండే కోచింగ్ కుర్రాడు, కరీంనగర్ పిల్లవాడు, ఒకనాడు నా కథంతా విని, “అంకుల్, మస్తు క్వశ్చన్ ఇది, ఎథిక్స్ పేపర్ల వస్తది. రెండు దిక్కులా రాయాలె, ఆఖర్ల మధ్యేమార్గం చెప్పాలె” అన్నాడు. “మధ్యేమార్గం ఏంటి నాయనా, సగం గ్రౌండ్ మాది, సగం వాళ్ళదా?” అంటే నవ్వి మెట్లెక్కేశాడు. నాకు నవ్వు రాలేదు. కోపం అలాగే ఉంది. కాకపోతే ఆ కోపం నోరు తెరిచేలోపు, లోపల ఎవరో అవతలివాళ్ళ పక్షం చెప్పడం మొదలుపెడతారు. ఆ చెప్పేది వినకుండా నేను ఏ మాటా అనలేను. ఆవిడ నాకిచ్చి వెళ్ళింది ఇదే. దీన్ని బరువనాలో ఆస్తి అనాలో మీరే చెప్పండి.

ఒక్క సంగతి మాత్రం నన్ను తినేసేది. ఆ బకెట్ గోడ వెనక ఉండి ఉంటే ఫోటో లేదు, ఫోటో లేకపోతే మ్యాచ్ మాదే. ఆవిడకు అంత తెలియదా? నర్సు కనుక, ఆ నేల ప్రమాదమని తనే చెప్పదలచుకున్నారా? లేక దాచడం అబద్ధమాడినట్టు అనుకున్నారా? ఏడాదిన్నర పైగా అడిగాను. అడిగినప్పుడల్లా మాట మార్చేశారు. చివరి నెలల్లో ఆవిడ గ్రేటర్ నోయిడాలో కొడుకు దగ్గర ఉన్నారు. ఒక మధ్యాహ్నం బస్సెక్కి వెళ్ళాను. చిక్కిపోయి, దుప్పటి కప్పుకుని, కిటికీ పక్క ఎండలో కూర్చున్నారు. కొడుకు నాకు చాయ్ ఇచ్చి, “అంకుల్, మమ్మీసే జ్యాదా బాత్ మత్ కరానా” అని, ఎక్కువ మాట్లాడించొద్దని చెప్పి లోపలికి వెళ్ళాడు. నేను చాయ్ ముట్టలేదు.

“సిస్టర్, ఈసారి ఎదుటివాళ్ళ పక్షం నన్నడక్కండి. మీ పక్షం చెప్పండి. ఆ బకెట్ గేటు దగ్గర ఎందుకు పెట్టించారు?”

ఆవిడ నన్ను వింతగా చూశారు. ఇంత చిన్న సంగతి ఇన్నాళ్ళూ అర్థం కాలేదా అన్నట్టు చూశారు.

“వాళ్ళూ ఆడేవాళ్ళే కదా అప్పారావూ. బకెట్ చూస్తే, చెప్పకుండానే చొక్కా చేతులు మడుచుకుని, మనతో పాటు వరసలో నిలబడతారనుకున్నాను.”